ఐదు డాలర్లు పంపితే ఉత్తరాలు ఆగవండీ

అమెరికాలో ఒక స్వచ్ఛంద సంస్థలో మెంబర్‌షిప్ డెస్క్‌లో పనిచేస్తాను, అంటే విరాళాలడిగే ఉత్తరాలతో మీ మెయిల్‌బాక్స్ నింపే బ్యాచ్‌లో నేనూ ఉన్నాను. ఈ వారంలో ఇది నాలుగో ఫోన్. "మొన్ననే పది డాలర్లు పంపాను కదమ్మా, మళ్ళీ ఎందుకు పంపుతున్నారు?" పంపారు కాబట్టేనండీ!

అపోహ: ఎంతో కొంత ఇచ్చేస్తే ఊరుకుంటారు.

ఊరుకోరు. మేం లిస్టు తీసేటప్పుడు ఎంతిచ్చారన్నదాని కన్నా ముందు ఎప్పుడిచ్చారో చూస్తాం. ఎప్పుడో వంద ఇచ్చి మానేసినాయన కన్నా నిన్న ఐదు ఇచ్చినాయనకే ఎక్కువ ఉత్తరాలు వెళ్తాయి. పైగా చాలా సంస్థలు పేర్లూ అడ్రసులూ ఒకరికొకరు ఇచ్చిపుచ్చుకుంటాయి, అద్దెకీ ఇస్తాయి.

మా నాన్నగారు తెనాలి నుంచి వచ్చి మా దగ్గర ఆరునెలలున్నారు. ఓ రోజు ఒక కవరొచ్చింది, కవరు కిటికీలోంచి నికెల్ బిళ్ళ (ఐదు సెంట్ల నాణెం) కనబడుతోంది, లోపల అడ్రస్ స్టిక్కర్లు. "ఊరికే ఉంచుకుంటే రుణం కాదటమ్మా" అని నా చేత ఐదు డాలర్ల చెక్కు రాయించి, స్లిప్పు మీద మాత్రం తన పేరే రాశారు, మన పద్ధతిలో ఇంటిపేరు ముందు. రెండు నెలలయ్యేసరికి కుక్కల షెల్టరూ, మాజీ సైనికుల సంస్థా, అన్నీ అదే తిరగబడిన పేరుతో! నాన్నగారు తెనాలి తిరిగి వెళ్ళి నాలుగేళ్ళయింది, ఉత్తరాలు మాత్రం ఇంకా వస్తున్నాయి.

రుణం ఏమీ లేదు. అడగకుండా పోస్టులో వచ్చిన వస్తువు మీదేనని ఇక్కడి చట్టమే చెబుతుంది, డబ్బు కట్టక్కర్లేదు, తిప్పి పంపక్కర్లేదు.

సభ్యత్వం రెన్యూవల్ కట్టకపోతే క్రెడిట్ స్కోరు పడిపోతుందని ఎవరో చెప్పారట ఒకావిడకి. ఎవరండీ ఇవి పుట్టించేది? అది అప్పు కాదు. ఎర్రక్షరాలతో 'ఫైనల్ నోటీస్' అని ఉన్నా కంగారుపడి చెక్కు రాయకండి, ముందు మీ సభ్యత్వ కార్డు మీద గడువు తేదీ చూసుకోండి. ఏడాదికి రెండుసార్లు కట్టేసిన పెద్దవాళ్ళని నేను చూశాను.

అమ్మకాల ఫోన్లు వద్దనుకునేవాళ్ళు నమోదు చేసుకునే 'డు నాట్ కాల్' లిస్టులో నంబరు పెట్టినా విరాళాల ఫోన్లు ఆగవు, ఛారిటీలకి అందులో మినహాయింపు ఉంది. కవరు చింపి పారేస్తే మాకు తెలియదు. 'రిఫ్యూజ్డ్' అని రాసి పోస్టులో వేసినా మేం చౌక రేటుకి పంపే ఈ మెయిల్ మామూలుగా మా దాకా తిరిగి రాదు.

చేయాల్సింది ఒక్కటే. ఆ సంస్థకి ఫోన్ చేసి, కవరు మీది అడ్రస్ లేబుల్‌పై ఉన్న నంబరు చెప్పి, "విరాళాల ఉత్తరాలు ఆపండి, రెన్యూవల్ ఏడాదికొకటి చాలు, నా పేరు బయట ఎవరికీ ఇవ్వకండి" అని మూడు మాటలూ విడివిడిగా అడగండి. మొదటిది ఒక్కటే చెబితే మిగతా రెండూ నడుస్తూనే ఉంటాయి. మన పేర్లు 'రావు వి', 'వెంకట రావు', 'వి రావు' అని మూడు రికార్డులుగా ఉంటాయి, అన్నీ కలపమనండి. ఇప్పటికే అచ్చయినవి ఇంకో రెండు నెలలు వస్తాయి. ఆ తర్వాత కూడా వస్తే, ఫోన్ చేసిన తేదీ చెప్పి మళ్ళీ అడగండి.