పాత కోడ్‌ను బాగుచేయాలా, మొదటి నుంచి మళ్లీ రాయాలా: యాభై ఏళ్ల వాదనకు నేపథ్యం

ఒక సాఫ్ట్‌వేర్ ప్రోడక్ట్ ఐదారేళ్లు నిలబడిందంటే ఈ ప్రశ్న వచ్చి తీరుతుంది. చిన్న మార్పుకు వారాలు పడుతుంటాయి. ఒకచోట ముట్టుకుంటే ఇంకోచోట పగులుతుంది. మొదట రాసినవాళ్లు వెళ్లిపోయి ఉంటారు. మొత్తం తీసేసి కొత్తగా రాద్దామని ఇంజనీర్లు అంటారు. అది పూర్తయ్యేదాకా కస్టమర్లకు ఏం చెప్పాలని అమ్మకాలు చూసేవాళ్లు అడుగుతారు. రెండు వైపులా నిజం ఉంది కాబట్టే ఈ తగువు 1970ల నుంచి తెగలేదు. అయితే ఇన్నేళ్ల అనుభవాలను పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి స్పష్టంగా కనిపిస్తుంది. కొత్తగా రాశారా లేదా అన్నదానికంటే, కొత్తది తయారయ్యేంత కాలం పాతది పనిచేస్తూ, పెరుగుతూ ఉందా, తేడా వస్తే వెనక్కి వెళ్లే దారి ఉందా అన్నవే ఫలితాన్ని ఎక్కువగా నిర్ణయించాయి.

ఐబీఎంలో ఓఎస్/360 అనే ఆపరేటింగ్ సిస్టమ్ నిర్మాణాన్ని నడిపించిన ఫ్రెడ్ బ్రూక్స్ 1975లో తన పుస్తకంలో రెండు మాటలు చెప్పారు. మొదట కట్టిన సిస్టమ్‌ను ఎలాగూ పారేయాల్సి వస్తుంది కాబట్టి ముందే అందుకు సిద్ధపడమన్నది ఒకటి. రెండో సిస్టమ్ అన్నిటికంటే ప్రమాదకరమన్నది ఇంకొకటి. మొదటిసారి చోటు లేక పక్కనపెట్టిన ఆలోచనలన్నిటినీ రెండోసారి కుక్కేస్తారని ఆయన భయం. ఇరవై ఏళ్ల తర్వాత, 1995 ఎడిషన్‌లో, మొదటి సలహాను ఆయనే వెనక్కి తీసుకున్నారు. కొంచెం కొంచెంగా కట్టుకుంటూ, వాడుకుంటూ, మార్చుకుంటూ పోవడమే మేలన్నారు. మళ్లీ రాయాలనేవాళ్లు ఇప్పటికీ ఆ మొదటి సలహానే ఎత్తిచూపుతారు. ఆయన దాన్ని వదులుకున్న సంగతి చాలామందికి తెలియదు.

ఈ వాదనకు పేరు తెచ్చింది నెట్‌స్కేప్ అనే బ్రౌజర్ కంపెనీ. 1997 జూన్‌లో కమ్యూనికేటర్ 4.0 వచ్చింది. 1998 మార్చి 31న కంపెనీ తన బ్రౌజర్ సోర్స్ కోడ్‌ను బయటపెట్టింది. అదే ఏడాది అక్టోబర్ చివర్లో, పేజీని తెరమీద పేర్చే పాత ఇంజిన్‌ను వదిలేసి, ఆ తర్వాత గెకో అని పిలిచిన కొత్త ఇంజిన్ మీద మొత్తం కట్టాలని నిర్ణయమైంది. 5.0 బయటకు రానేలేదు. నెట్‌స్కేప్ 6 వచ్చేసరికి 2000 నవంబర్ 14. పెద్ద వెర్షన్ లేకుండా దాదాపు మూడున్నరేళ్లు గడిచిపోయాయి. ఆ మధ్యలో, 1999 మార్చిలో, మైక్రోసాఫ్ట్ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 5ను విడుదల చేసింది.

మైక్రోసాఫ్ట్‌లో ఎక్సెల్ మీద పనిచేసిన జోయెల్ స్పోల్‌స్కీ 2000 ఏప్రిల్‌లో దీనిమీద ఒక వ్యాసం రాశారు. కోడ్‌ను మొదటి నుంచి మళ్లీ రాయడం కంపెనీ చేయగల అతిపెద్ద వ్యూహాత్మక తప్పు అన్నది అందులోని వాదన. దానికి ఆయన చూపించిన కారణం ఇప్పటికీ బలమైనదే: కోడ్ రాయడం కంటే చదవడం కష్టం, అందుకే పాతది ఉన్నదానికంటే అధ్వాన్నంగా కనిపిస్తుంది. రెండు పేజీల ఫంక్షన్ మధ్యలో అర్థంకాని షరతు ఒకటి కనిపిస్తే అది చెత్త అనిపిస్తుంది. నిజానికి అది ఎప్పుడో ఎవరో రోజులు వెచ్చించి పట్టుకున్న బగ్‌కు విరుగుడు కావచ్చు. పేమెంట్ గేట్‌వే ఒకే లావాదేవీకి రెండుసార్లు జవాబు పంపితే రెండోదాన్ని పట్టించుకోకూడదని చెప్పే లైన్ లాంటిది. దాన్ని తీసేస్తే ఆ బగ్ మళ్లీ పుడుతుంది, మళ్లీ అదే ఖర్చుతో దొరుకుతుంది.

కానీ నెట్‌స్కేప్ కథను ఒక్క కారణానికి ముడిపెట్టడం సరికాదు. విండోస్‌తో పాటే ఉచితంగా వచ్చిన ఎక్స్‌ప్లోరర్ వల్ల మళ్లీ రాయాలన్న నిర్ణయానికి ముందే నెట్‌స్కేప్ వాటా పడిపోతోంది. పైగా ఆ కొత్త ఇంజిన్ మీదే 2004 నవంబర్ 9న ఫైర్‌ఫాక్స్ 1.0 వచ్చింది. కోడ్ బతికింది, కంపెనీ బతకలేదు. అందుకే రెండు వర్గాలూ ఇదే ఉదాహరణను ఎవరికి కావలసిన చివర నుంచి వాళ్లు పట్టుకుంటాయి.

ఆపరేటింగ్ సిస్టమ్‌ల చరిత్ర ఇంతకంటే ఎక్కువ నేర్పుతుంది. మైక్రోసాఫ్ట్ 1988లో విండోస్ ఎన్‌టీని పూర్తిగా కొత్తగా మొదలుపెట్టింది. 1993 జులైలో మొదటి వెర్షన్ వచ్చింది. అయినా పాత వరుసను ఆపలేదు. 95, 98, మిలీనియం ఎడిషన్ అన్నీ పాత పునాది మీదే అమ్ముడయ్యాయి. ఇళ్లలో వాడే విండోస్ ఎన్‌టీ పునాదికి మారింది 2001 అక్టోబర్‌లో, ఎక్స్‌పీతో. అంటే విడుదలయ్యాక కూడా కొత్తది పాతదాని పక్కనే ఎనిమిదేళ్లు నడిచింది. ఆపిల్ కట్టబోయిన కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ కోప్లాండ్‌కు ఈ అవకాశం దక్కలేదు. అన్నీ ఒకేసారి మార్చబోయి, చేర్చాల్సిన ఫీచర్ల జాబితా పెరుగుతూనే ఉండగా 1996లో దాన్ని రద్దు చేశారు. ఆ డిసెంబర్‌లో నెక్స్ట్ కంపెనీని కొంటున్నట్టు ఆపిల్ ప్రకటించింది. నెక్స్ట్ పునాది మీద 2001 మార్చి 24న వచ్చిన మ్యాక్ ఓఎస్ టెన్‌ను నిలబెట్టినవాటిలో రెండు వంతెనలున్నాయి. పాత ప్రోగ్రామ్‌లను ఏ మార్పూ లేకుండా నడిపే క్లాసిక్ ఒకటి, తక్కువ మార్పులతో కొత్తదానిలోకి తెచ్చుకునే కార్బన్ ఇంకొకటి. ఇలాంటి వంతెనల మీద పెట్టే శ్రమను చాలా రీరైట్ ప్రణాళికల్లో అసలు లెక్కే వేయరు.

ఎక్స్‌పీ తర్వాత మైక్రోసాఫ్టే ఆ పాఠాన్ని మరిచింది. లాంగ్‌హార్న్ అనే తర్వాతి విండోస్‌లో ఫైళ్లు దాచే తీరు, తెరమీద బొమ్మ గీసే తీరు వంటివన్నీ ఒకేసారి మార్చబోయింది. 2004 ఆగస్టులో, అప్పటిదాకా చేసిన పనిని చాలామటుకు పక్కనపెట్టి, విండోస్ సర్వర్ 2003 కోడ్ నుంచి మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చింది. విస్టా పేరుతో అది జనం చేతికి వచ్చింది 2007 జనవరి 30న.

ఆ 2004లోనే మూడో దారికి స్ట్రాంగ్లర్ అనే పేరు వచ్చింది. సాఫ్ట్‌వేర్ రచయిత మార్టిన్ ఫౌలర్ ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో చూసిన మర్రిజాతి చెట్ల నుంచి దాన్ని తీసుకున్నారు. ఆ విత్తనం మరో చెట్టు కొమ్మ మీద మొలిచి, వేళ్లు కిందికి దించి, చివరికి ఆ చెట్టు చోటును తానే ఆక్రమిస్తుంది. పాత సిస్టమ్‌ను కూడా అలాగే ముక్క ముక్కగా కొత్తదానితో చుట్టుకుంటూ పోవాలన్నది ఆలోచన. చెప్పడం తేలికే. చేయడంలో మెలకువలు చాలా ఉన్నాయి, పనులు తప్పేది కూడా అక్కడే.

మొదట పాత సిస్టమ్ ముందు ఒక ప్రాక్సీ, అంటే మధ్యవర్తి ప్రోగ్రామ్, పెట్టాలి. వచ్చే ప్రతి రిక్వెస్ట్ దాని గుండానే వెళ్లాలి. మొదట్లో అది ఏమీ మార్చదు, అన్నిటినీ పాతదానికే పంపుతుంది. ఈ దశ వృథాలా కనిపిస్తుంది గానీ దీనివల్లే ఎవరు ఏ దారిలో వస్తున్నారో తెలుస్తుంది. డాక్యుమెంట్లలో లేని కాలర్లు, అంటే ఈ సిస్టమ్‌ను వాడుకునే ఇతర ప్రోగ్రామ్‌లు, ఇక్కడే బయటపడతాయి. ప్రాక్సీకి కనిపించనివి కూడా ఉంటాయి: నెలాఖరున డేటాబేస్ టేబుల్‌ను నేరుగా చదివే రిపోర్టు, రాత్రిపూట నడిచే బ్యాచ్ జాబ్. డేటాబేస్ వైపు యూజర్ల లాగిన్ రికార్డులను కనీసం ఒక పూర్తి నెల చూడాలి. సంవత్సరాంతపు లెక్కలు ఉండే చోట ఆ ఒక్క నెల కూడా చాలదు.

తర్వాత మొదటి ముక్కను ఎంచుకోవాలి. అతి ముఖ్యమైనది వద్దు, ఎవరూ వాడనిదీ వద్దు. డేటాను చదవడమే తప్ప రాయని భాగం మేలు. కొత్త కోడ్ తయారయ్యాక అసలు ట్రాఫిక్ నకలును దానికి పంపి, యూజర్‌కు మాత్రం పాతదాని జవాబే ఇచ్చి, రెండు జవాబులనూ పోల్చి తేడాలు రాసుకోవాలి. గిట్‌హబ్ ఇందుకోసమే సైంటిస్ట్ అనే రూబీ లైబ్రరీని తయారుచేసుకుని అందరికీ విడుదల చేసింది. తేడాలు ఎక్కువగా వచ్చే చోట్లు దాదాపు ఎప్పుడూ ఒకటే: దశాంశాలను సవరించే తీరు, టైమ్‌జోన్, ఖాళీ స్ట్రింగ్‌కూ అసలు విలువే లేకపోవడానికీ మధ్య భేదం, క్రమం చెప్పని జాబితాల వరస. వీటిలో కొన్ని పాతదాని బగ్‌లే అయి ఉంటాయి. వాటిని అప్పుడే సరిచేయాలనిపిస్తుంది. చేయకూడదు. ఆ బగ్ మీద ఆధారపడ్డ కస్టమర్ ఎవరో ఉంటాడు. మార్పిడి పూర్తయ్యాక విడిగా, చెప్పి సరిచేయాలి.

తేడాలన్నిటికీ లెక్క తేలాక నూటికి ఒక వంతు ట్రాఫిక్, తర్వాత ఐదు, పాతిక, యాభై, వంద. ప్రతి మెట్టు దగ్గరా కనీసం ఒక పూర్తి వారం ఆగాలి, ఎందుకంటే వారాంతపు వాడకం వేరుగా ఉంటుంది. వెనక్కి తిప్పే స్విచ్ కోడ్‌ను మళ్లీ డిప్లాయ్ (సర్వర్లలో పెట్టడం) చేసే అవసరం లేకుండా పనిచేయాలి. దాన్ని ఒకసారి నిజంగా తిప్పి చూడాలి కూడా.

అసలు కష్టం డేటాను రాసే భాగంలో ఉంటుంది. పాత, కొత్త డేటాబేస్‌లు రెండింటిలోనూ అప్లికేషనే రాసేస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. మొదటిది రాసి రెండోదానికి వెళ్లేలోగా ప్రాసెస్ ఆగిపోతే రెండింటికీ పొంతన తప్పుతుంది. ఒకే రికార్డును ఇద్దరు ఒకేసారి మారిస్తే, ఒక డేటాబేస్‌లో ఒకరి మార్పు చివర, ఇంకోదానిలో ఇంకొకరిది చివర మిగలవచ్చు. ఎక్కడా ఎర్రర్ కనిపించదు. నమ్మదగిన పద్ధతి ఏమిటంటే, ఒకచోటే రాసి, అదే ట్రాన్సాక్షన్‌లో (రెండూ కలిసి జరగాలి, లేదా రెండూ జరగకూడదు) పంపాల్సిన మార్పును ఒక అవుట్‌బాక్స్ టేబుల్‌లో కూడా రాయాలి. లేదా మార్పులన్నీ వరసగా నమోదయ్యే డేటాబేస్ లాగ్ నుంచే మార్పులను చదివి రెండోదానికి అందించాలి. పాత రికార్డులను చిన్న బ్యాచ్‌లుగా తెచ్చుకోవాలి. తెస్తున్నప్పుడు, అప్పటికే లాగ్ ద్వారా చేరిన కొత్త విలువ మీద పాత విలువను రాసేయకుండా వెర్షన్ నంబర్ చూడాలి. మార్పిడి రోజు దాటాక కూడా కొత్తదాని నుంచి పాతదానికి ఎదురుదిశలో డేటా పంపుతూ ఉండాలి. అది లేకపోతే వెనక్కి వెళ్లడమన్నది కాగితం మీది మాటే.

ఈ దారికీ ఖర్చుంది. అన్నిటికంటే ఎక్కువగా జరిగే తప్పు, ఎనభై శాతం మార్చాక ఉత్సాహం పోయి ఆగిపోవడం. అప్పుడు రెండు సిస్టమ్‌లు, ఎప్పుడు సమస్య వచ్చినా పలకాల్సిన రెండు ఆన్‌కాల్ బృందాలు, ప్రతి ఫీచర్ రెండుసార్లు. పాత కోడ్‌ను తొలగించిన రోజునే పని అయినట్టు లెక్క అని మొదట్లోనే రాసుకోవాలి. దానికి బడ్జెట్ కూడా అప్పుడే కేటాయించాలి.

పైథాన్ 3 ఇదే విషయాన్ని ఒక భాషను వాడే లోకమంతటి స్థాయిలో చూపించింది. 2008 డిసెంబర్ 3న వచ్చిన ఆ వెర్షన్ పాతదానితో పొసగదు. మొదట అనుకున్న దారి, పాత కోడ్‌ను ఒక టూల్‌తో ఒక్కసారిగా మార్చేయడం. లైబ్రరీలు రాసేవాళ్లకు అది కుదరలేదు. రెండు వెర్షన్ల యూజర్లూ వాళ్లకు ఉన్నారు. చివరికి పనిచేసింది ఒకే కోడ్ రెండింటిలోనూ నడిచేలా రాయడం. అందుకు సాయంగా, తీసేసిన యూనికోడ్ స్ట్రింగ్ గుర్తును (టెక్స్ట్ ముందు పెట్టే u) 2012లో 3.3లో మళ్లీ చేర్చారు. పైథాన్ 2కు ముగింపుగా 2015ను అనుకున్నారు, అది 2020 జనవరి 1కి జరిగింది.

ఒక్క వారాంతంలో అంతా మార్చేయాలన్న నిర్ణయానికి పెద్ద మూల్యం చెల్లించింది బ్రిటన్‌లోని టీఎస్‌బీ బ్యాంకు. లాయిడ్స్ నుంచి అద్దెకు తీసుకున్న సిస్టమ్‌ల నుంచి, అప్పటి స్పెయిన్ యజమాని సబాడెల్ కట్టిన వేదికకు 2018 ఏప్రిల్‌లో దాదాపు 52 లక్షల కస్టమర్ల ఖాతాలను తరలించింది. డేటా సరిగానే చేరింది. దాన్ని మోయాల్సిన వేదికే తట్టుకోలేకపోయింది. 19 లక్షల మంది వరకు తమ ఖాతాల్లోకి వెళ్లలేకపోయారు. అంతా మామూలు స్థితికి రావడానికి డిసెంబర్ దాకా పట్టింది. సెప్టెంబర్‌లో ముఖ్య కార్యనిర్వహణాధికారి పదవి వదిలారు. బ్యాంకు తరఫునే జరిగిన స్వతంత్ర విచారణ 2019 నవంబర్‌లో, ప్రధానంగా ఒకే దఫాలో తరలించాలన్న నిర్ణయాన్ని తప్పుపట్టింది. 2022 డిసెంబర్‌లో నియంత్రణ సంస్థలు 4.865 కోట్ల పౌండ్ల జరిమానా వేశాయి. ఇందులో కోడ్ కంటే పైస్థాయి నిర్ణయాల పాత్రే పెద్దది.

పైస్థాయిలో ఈ మొగ్గు ఎందుకు వస్తుందో అర్థం చేసుకోవడం కష్టం కాదు. పేరున్న పెద్ద ప్రాజెక్టుకు డబ్బు మంజూరవుతుంది. ప్రతి మూడు నెలలకూ కొంత పాత కోడ్‌ను సరిచేస్తామంటే కాదు. ఆమోదం దొరికాక మంచి ఇంజనీర్లు కొత్తదానికి వెళతారు, పాతది అలసినవాళ్ల చేతుల్లో మిగులుతుంది. ఈలోపు పాతదానికి ఫీచర్లు కావాలని కస్టమర్లు అడుగుతూనే ఉంటారు, కొత్తది అందుకోవాల్సిన గమ్యం దూరమవుతూ ఉంటుంది. ఒకే టీమ్ రెండింటికీ జవాబుదారీగా ఉండేలా పెడితే ఈ జబ్బు చాలావరకు తగ్గుతుంది. అప్పుడు నెమ్మదిగా వెళతారన్నది నిజం. ఆ వేగమే వాస్తవమైన వేగం.

ఫైర్‌ఫాక్స్‌ను తయారుచేసే మొజిల్లా తన రెండో పెద్ద మార్పులో ఈ దారే పట్టింది. సర్వో అనే ప్రయోగాత్మక ఇంజిన్‌ను రస్ట్ భాషలో విడిగా కడుతూనే, దాన్ని గెకో స్థానంలో మొత్తంగా పెట్టే ప్రయత్నం చేయలేదు. 2016లో ఫైర్‌ఫాక్స్ 48లో మొదటగా వెళ్లిన రస్ట్ కోడ్ వీడియో ఫైళ్ల వివరాలు చదివే చిన్న భాగం. 2017 నవంబర్‌లో వెర్షన్ 57లో సర్వో నుంచి పేజీ స్టైల్‌లను లెక్కించే భాగం వచ్చింది, మిగతా గెకో అలాగే ఉంది. అయినా నొప్పి లేకపోలేదు. అదే వెర్షన్‌తో పాత తరహా యాడ్‌ఆన్‌లన్నీ ఆగిపోయాయి.

2025 మార్చిలో మైక్రోసాఫ్ట్ తన టైప్‌స్క్రిప్ట్ ప్రోగ్రామింగ్ భాష కంపైలర్‌ను (కోడ్‌ను తనిఖీ చేసి మార్చే ప్రోగ్రామ్) గో భాషలోకి తెస్తున్నట్టు ప్రకటించినప్పుడు చాలామంది రస్ట్ ఎందుకు కాదని అడిగారు. పాత కోడ్ నిర్మాణాన్ని ఉన్నదున్నట్టు, ఒక్కో ఫంక్షన్ చొప్పున తెచ్చుకోవడానికి గో వీలిస్తుందన్నది టీమ్ చెప్పిన ముఖ్య కారణాల్లో ఒకటి. కొత్త డిజైన్ కోసం వాళ్లు ఆశపడలేదు. పాత కంపైలర్ ఎక్కడ ఏ ఎర్రర్ చూపిస్తుందో కొత్తదీ అదే చూపించాలన్నది లక్ష్యం. దాదాపు 15 లక్షల లైన్లున్న, వీఎస్ కోడ్ అనే ఎడిటర్ ప్రాజెక్టును తనిఖీ చేయడానికి పట్టే సమయం 77.8 సెకన్ల నుంచి 7.5కు తగ్గిందని చూపించారు. జావాస్క్రిప్ట్ మీద నడిచే పాత వరుస 6గా, గో మీది కొత్తది 7గా కొంతకాలం పక్కపక్కనే ఉంటాయనీ అప్పుడే చెప్పారు.