ఆరు వందల గంటలు: సైతాన్ భయం ఎక్కడ పుట్టింది

కెనడా దర్శకులు షాన్ హోర్లర్, స్టీవ్ ఆడమ్స్ తీసిన ‘సేటన్ వాంట్స్ యూ’ అనే డాక్యుమెంటరీ 2023లో వచ్చింది. 1980ల్లో అమెరికాను, కెనడాను, ఆ తర్వాత బ్రిటన్‌ను కూడా ఊపేసిన ఒక భయానికి మూలం వెతకడం ఆ సినిమా పని. సైతాన్‌ను కొలిచే రహస్య ముఠాలు పసిపిల్లల్ని ఎత్తుకుపోయి, పూజల్లో హింసించి, కొందరిని బలి కూడా ఇస్తున్నాయన్నదే ఆ భయం. దీన్ని వీధిలో వదంతులు మోసేవాళ్లే నమ్మారనుకుంటే పొరపాటు. డాక్టర్లు, పోలీసులు, ప్రాసిక్యూటర్లు, పెద్ద టీవీ చానళ్లు అందరూ నమ్మారు. తీగ లాగుతూ పోతే డొంక బ్రిటిష్ కొలంబియాలోని విక్టోరియా నగరంలో, ఒక సైకియాట్రిస్టు గదిలో కదిలింది.

ఆ సైకియాట్రిస్టు పేరు లారెన్స్ పాజ్డర్. ఆయన దగ్గర వైద్యం చేయించుకుంటున్న మిషెల్ స్మిత్ 1976లో గర్భం పోయిన బాధతో డిప్రెషన్‌లో ఉంది. తనేదో ముఖ్యమైన విషయం చెప్పాలని, కానీ అదేమిటో గుర్తుకు రావడం లేదని డాక్టరుతో అంది. కొద్ది రోజులకే ఒక సెషన్‌లో పాతిక నిమిషాల పాటు ఆగకుండా కేకలు పెట్టి, చివరికి అయిదేళ్ల పిల్ల గొంతుతో మాట్లాడటం మొదలుపెట్టిందని వాళ్లిద్దరూ తర్వాత రాశారు. అక్కణ్ణుంచి 14 నెలల్లో 600 గంటలకు పైగా హిప్నాసిస్ సెషన్లు జరిగాయి. వాటి టేపులు పేరుకున్నాయి.

ఆ టేపుల్లోంచి బయటికి వచ్చిన కథ ఇది. 1954, 55 సంవత్సరాల్లో సొంత తల్లే ఆమెను సైతాన్ ఆరాధకుల చేతికి ఇచ్చింది. బోనులో పెట్టారు, శవాల మధ్య ఉంచారు, 81 రోజుల పాటు సాగిన ఒక క్రతువులో సైతాన్ స్వయంగా ప్రత్యక్షమయ్యాడు. చివరికి మేరీమాత వచ్చి కాపాడింది, ఒంటి మీద మచ్చలు కూడా మిగలకుండా చేసింది. మచ్చ లేకపోవడానికి కారణం కూడా కథలోనే ఉందన్నమాట. ఆధారం ఏదీ అని అడిగితే ‘లేకపోవడమే ఆధారం’ అనే తర్కం ఆ మొదటి కథ నుంచే ఉంది.

1980లో ఈ కథ ‘మిషెల్ రిమెంబర్స్’ పేరుతో ఇద్దరి పేర్ల మీదా పుస్తకంగా వచ్చింది. ప్రచురణకర్తలు లక్షల డాలర్ల అడ్వాన్సు ఇచ్చారు. అదే ఏడాది అమెరికా సైకియాట్రిస్టుల సంఘం సమావేశంలో పాజ్డర్ ‘రిచువల్ అబ్యూజ్’ అనే మాట వాడారు. కథ కన్నా ఈ మాటే ఎక్కువ దూరం పోయిందని నాకనిపిస్తుంది. పుస్తకం చదవనివాళ్ల నోట కూడా అది నానింది, రిపోర్టుల్లోకి ఎక్కింది. ఒక సంగతికి పేరు పెట్టేశాక అది ఉందా లేదా అని అడిగేవాళ్లు తగ్గిపోతారు.

అడిగినవాళ్లు అసలు లేకపోలేదు. పుస్తకంలో ఒక ఘోరమైన కారు ప్రమాదం ఉంది. అలాంటివి వదలకుండా వేసే ఆ ఊరి పేపర్లో దాని జాడే లేదు. ఆమె నేలమాళిగలో బందీగా ఉన్నట్టు రాసిన కాలంలోనే స్కూల్లో తీసిన ఫొటో బయటపడింది. ఆమెకు తోబుట్టువులు ఉన్నారన్న మాటే పుస్తకంలో కనిపించదు. తండ్రి ఆ ఆరోపణలను ఖండించాడు. డాక్టరూ పేషెంటూ తమ తమ పెళ్లిళ్లు రద్దు చేసుకుని ఒకరినొకరు పెళ్లి చేసుకున్నారు. చివరికి పాజ్డరే ఒక దశలో, అది జరిగిందా లేదా అన్నది పక్కన పెడితే మిషెల్‌కు మాత్రం అది నిజమైన అనుభవం అనే ధోరణిలో మాట్లాడారు. చికిత్స గదిలో ఆ మాట చెల్లుతుంది. కోర్టులో చెల్లకూడదు. తర్వాతి పదేళ్లలో చెల్లింది.

ఇంత తేలిగ్గా ఎందుకు నమ్మారన్నది వేరే ప్రశ్న. అంతకుముందు పిల్లల మీద జరిగే అకృత్యాల గురించి చెబితే వినేవాళ్లు ఉండేవాళ్లు కారు. ఇంట్లోనే, అయినవాళ్ల చేతిలోనే జరిగేవి ఎక్కువ. అవి ఇంట్లోనే సమాధి అయ్యేవి. 1962లో హెన్రీ కెంప్ అనే డాక్టరు, పిల్లల ఎముకలు ఊరికే విరగవని వైద్య పత్రికలో రాసేవరకూ ఆ వృత్తిలో ఉన్నవాళ్లు కూడా చాలామంది చూడనట్టే ఉన్నారు. ఆ తర్వాత అమెరికా రాష్ట్రాల్లో చట్టాలు వచ్చాయి, అనుమానం వస్తే రిపోర్టు చేయడం డాక్టర్లకు, టీచర్లకు విధి అయింది. 1974లో ఫెడరల్ చట్టం దాన్ని బలపరిచింది. ‘పిల్లల మాట నమ్మండి’ అన్న నినాదం ఆ పాత తప్పును దిద్దుకోవడానికే పుట్టింది. నిజమైన అన్యాయం ఒకటి వెనక ఉండబట్టే ఈ భయానికి అంత బలం వచ్చింది. పైగా అదే కాలంలో తల్లులు ఉద్యోగాలకు వెళ్లడం మొదలైంది, పిల్లల్ని డేకేర్‌లో వదలడం మామూలైంది, దానితో పాటు లోపల ఒక గుబులూ మొదలైంది. 1966లో ఆంటన్ లావే శాన్ ఫ్రాన్సిస్కోలో పెట్టిన ‘చర్చ్ ఆఫ్ సేటన్’, 1973 నాటి ‘ఎగ్జార్సిస్ట్’ సినిమా, టీవీలో గొంతు చించుకునే మత ప్రచారకులు ఆ గుబులుకు ఒక ముఖం తగిలించారు.

1983 ఆగస్టులో లాస్ ఏంజెలెస్ దగ్గర మాన్‌హటన్ బీచ్‌లో ఒక తల్లి పోలీసుల దగ్గరికి వెళ్లింది. మెక్‌మార్టిన్ ప్రీస్కూల్లో తన కొడుకు మీద అఘాయిత్యం జరిగిందని, చేసింది స్కూలు స్థాపకురాలి మనవడని ఫిర్యాదు చేసింది. ఆమె మానసిక అనారోగ్యంతో బాధపడుతోందన్న సంగతి తర్వాత గానీ బయటికి రాలేదు. పోలీసులు సెప్టెంబరు 8న ఒక పని చేశారు. స్కూలుతో సంబంధం ఉన్న 200 కుటుంబాలకు ఉత్తరం రాశారు. నిందితుడి పేరు అందులోనే ఉంది. అతను చేసి ఉండవచ్చని పోలీసులు అనుకుంటున్న పనుల జాబితా కూడా ఉంది. మీ పిల్లల్ని అడిగి చూడండి అని ఉంది. ఈ సంగతి ఇంట్లోవాళ్లతో తప్ప ఎవరితోనూ అనకండి అని కూడా ఉంది! 200 ఇళ్లకు ఒకే రహస్యం పంచి, ఎవరికీ చెప్పొద్దన్నారు.

ఆ రాత్రి ఎన్ని ఇళ్లల్లో ఏ పిల్లని ఎన్నిసార్లు అడిగి ఉంటారో ఊహించుకోవచ్చు. మూడేళ్ల పిల్ల మొదట ‘లేదు’ అంటుంది. ‘భయపడకు, చెప్పు’ అంటారు. మళ్లీ ‘లేదు’. ‘నీ ఫ్రెండు చెప్పేసింది’ అంటారు. అమ్మ ముఖంలో ఏదో తేడా ఉందని పిల్లకి అర్థమవుతుంది, ఏం చెబితే ఆ తేడా పోతుందో అని వెతుక్కుంటుంది.

పిల్లల్ని తర్వాత ఒక పిల్లల సంరక్షణ సంస్థకు పంపారు. అక్కడ ఇంటర్వ్యూలు చేసినవాళ్లు చేతులకు తోలుబొమ్మలు తొడుక్కుని మాట్లాడారు. ‘లేదు’ అన్న పిల్లల చేత తెలివైన బొమ్మ తరఫున మాట్లాడించారు, మిగతావాళ్లంతా గుట్టు విప్పేశారని చెప్పారు, కావలసిన జవాబు వస్తే మెచ్చుకున్నారు, రాకపోతే మొద్దులా ఉన్నావేమిటన్న ధోరణిలో మాట్లాడారు. ఇవన్నీ వీడియో టేపుల్లో రికార్డయి ఉన్నాయి. దాదాపు 400 మంది పిల్లల్ని ఇలా అడిగి, వాళ్లలో 360 మంది బాధితులేనని తేల్చారు. స్కూలు కింద సొరంగాలు, ఎగిరే మంత్రగత్తెలు, వేడిగాలి బెలూన్లలో ప్రయాణాలు కథలో చేరాయి. నిందితుల్ని గుర్తుపట్టమని ఫొటోలు చూపిస్తే ఒక పిల్లాడు సినిమా హీరో చక్ నారిస్‌ను చూపించాడు. అయినా కేసు ఆగలేదు.

పాజ్డర్ పుస్తకం కథలోకి మళ్లీ వచ్చేది ఇక్కడే. ఆయనా, మిషెలూ వెళ్లి మెక్‌మార్టిన్ కేసులోని తల్లిదండ్రుల్ని కలిశారు. పోలీసులకు, సోషల్ వర్కర్లకు జరిగే ట్రైనింగుల్లో పుస్తకంలోని సంగతులు ‘గుర్తుపట్టాల్సిన లక్షణాలు’ అయ్యాయి. ట్రైనింగ్ తీసుకున్నవాళ్లు ఆ లక్షణాల ప్రకారం ప్రశ్నలు అడిగారు, పిల్లలు ఆ ప్రశ్నలకు తగ్గ జవాబులు ఇచ్చారు. వేర్వేరు రాష్ట్రాల్లో పిల్లలంతా ఒకేలా చెబుతున్నారు, కాబట్టి మిషెల్ చెప్పింది నిజమే అన్నారు. పుస్తకానికి సాక్ష్యం పిల్లలు, పిల్లలకు సాక్ష్యం పుస్తకం. ఈ గుండ్రటి దారిలో ఎవరికి వాళ్లు నిజాయితీగానే నడిచారు, అందుకే ఎవరికీ ఎక్కడా ఆగాలనిపించలేదు. తాను వెయ్యికి పైగా ఇలాంటి కేసుల్లో సలహా ఇచ్చానని పాజ్డర్ చెప్పుకున్నారు.

టీవీ సంగతి చెప్పనక్కర్లేదు. 1985లో ఏబీసీ చానల్ ‘20/20’ కార్యక్రమంలో సైతాన్ ఆరాధకుల మీద ఒక కథనం వేసింది. 1988 అక్టోబరులో ఎన్‌బీసీలో జెరాల్డో రివేరా రెండు గంటల స్పెషల్ చేస్తే కోట్లమంది చూశారు. దేశంలో సైతాన్ ఆరాధకులు పది లక్షలకు పైనే ఉన్నారని అంతకు ఏడాది ముందే ఆయన తన షోలో చెప్పారు. 1995లో ఆయనే క్షమాపణ అడిగారు. అప్పటికి చూసేవాళ్లు తక్కువ.

బ్రిటిష్ సామాజికవేత్త స్టాన్లీ కోహెన్ 1972లోనే దీనికి ఒక చట్రం ఇచ్చి ఉన్నాడు. 1964 ఈస్టర్ సెలవుల్లో క్లాక్టన్ అనే బీచ్ ఊళ్లో మోడ్లు, రాకర్లు అనే కుర్రాళ్ల గుంపుల మధ్య జరిగిన చిన్న గొడవను పేపర్లు యుద్ధంలా రాసిన తీరును చూసి, సమాజం ఒక గుంపును దెయ్యంగా నిలబెట్టి వణికిపోవడాన్ని ‘మోరల్ పానిక్’ అన్నాడు. మన సామెతలో చెప్పాలంటే ఇదిగో పులి అంటే అదిగో తోక. కాకపోతే క్లాక్టన్‌లో విరిగిన కుర్చీలైనా ఉన్నాయి, ఇక్కడ పులీ లేదు, తోకా లేదు.

మెక్‌మార్టిన్ కేసులో 1984లో ఏడుగురి మీద అభియోగాలు మోపారు. వాళ్లలో వీల్‌చైర్‌లో కోర్టుకు వచ్చిన 76 ఏళ్ల స్కూలు స్థాపకురాలు వర్జీనియా మెక్‌మార్టిన్ కూడా ఉంది. ప్రాథమిక విచారణకే ఏడాదిన్నర పట్టింది. 1985లో తల్లిదండ్రులే పలుగు పారలు పట్టుకుని సొరంగాల కోసం స్థలం తవ్వారు. 1986లో కొత్త డిస్ట్రిక్ట్ అటార్నీ అయిదుగురి మీద కేసు ఎత్తేశాడు. మిగతా ఇద్దరి విచారణ 1990లో ముగిసింది, ఒక్క నేరం కూడా రుజువు కాలేదు. ఖర్చు కోటిన్నర డాలర్లు. మనవడు అప్పటికి అయిదేళ్లు జైల్లో ఉన్నాడు. లాస్ ఏంజెలెస్ టైమ్స్ విమర్శకుడు డేవిడ్ షా, ఈ కేసును తన పేపరే ఎంత ఏకపక్షంగా రాసిందో అదే పేపర్లో రాసి 1991లో పులిట్జర్ అందుకున్నాడు. ఈ మొత్తం వ్యవహారంలో నాకు గౌరవం కలిగిన ఒకటి రెండు పనుల్లో అదొకటి.

రెండోది కెన్నెత్ లానింగ్ చేసింది. ఎఫ్‌బీఐలో పిల్లల మీద నేరాల నిపుణుడైన ఆయన మొదట్లో ఈ ఆరోపణల్ని నమ్మడానికి సిద్ధంగానే ఉన్నారు. ఏళ్ల తరబడి శవాల కోసం, రక్తం మరకల కోసం వెతికారు. ఏమీ దొరకలేదని 1992లో రిపోర్టు రాశారు. రాసినందుకు ఆయన కూడా సైతాన్ మనిషేనన్న మాట పడ్డారు. 1994లో గెయిల్ గుడ్‌మన్ బృందం దేశవ్యాప్తంగా 12,000కు పైగా ఆరోపణలు లెక్కగడితే, వ్యవస్థీకృత సైతాన్ ముఠా ఒక్కటి కూడా రుజువు కాలేదు. అదే ఏడాది బ్రిటన్‌లో మానవశాస్త్రవేత్త జీన్ లా ఫాంటెయిన్ 84 కేసులు పరిశీలించి దాదాపు అదే మాట చెప్పింది. అప్పటికే స్కాట్లండ్‌లోని ఆర్క్నీ దీవుల్లో 1991 ఫిబ్రవరిలో తెల్లవారుజామున సోషల్ వర్కర్లు, పోలీసులు ఇలాంటి అనుమానంతోనే తొమ్మిది మంది పిల్లల్ని ఇళ్లనుంచి తీసుకుపోయారు, ఏప్రిల్లో తిరిగి అప్పగించారు. కెనడాలో మార్టెన్స్‌విల్ అనే చిన్న ఊళ్లో 1992లో పోలీసులే నిందితుల జాబితాలో చేరారు.

1998లో టెక్సస్ పరిశోధకులు ఒక ప్రయోగం చేశారు. ప్రీస్కూలుకు ఒక మనిషి వచ్చి పిల్లలకు కథ చెప్పి వెళ్లాడు. వారం తర్వాత, అతను చేయని పనులు చేశాడా అని అడిగారు. ఊరికే సూచించినట్టు అడిగితే 17 శాతం జవాబులు తప్పుడు ‘అవును’లు. మెక్‌మార్టిన్ టేపుల్లోని పద్ధతులు, అంటే మెచ్చుకోవడం, మిగతా పిల్లలు చెప్పారనడం, అన్నీ కలిపితే 58 శాతం. దానికి పట్టిన టైమ్ అయిదు నిమిషాల లోపే. మెక్‌మార్టిన్ పిల్లలతో కూర్చున్నది గంటల తరబడి.

జైలుకు వెళ్లినవాళ్లకు ఈ లెక్కలు ఆలస్యంగా అందాయి. కాలిఫోర్నియాలోని కెర్న్ కౌంటీలో కనీసం 36 మందికి శిక్ష పడింది, 34 శిక్షలు తర్వాత రద్దయ్యాయి. టెక్సస్‌లోని ఆస్టిన్ దగ్గర డేకేర్ నడిపిన దంపతులు 21 ఏళ్లు జైల్లో ఉండి 2013లో బయటికి వచ్చారు. వాళ్లు నిర్దోషులని ప్రకటించి, 34 లక్షల డాలర్ల పరిహారం ఇచ్చేసరికి 2017 వచ్చింది. అంతకు కొన్ని నెలల ముందే, 2016 డిసెంబరులో, వాషింగ్టన్‌లోని ఒక పిజ్జా హోటల్ కింద పిల్లల్ని బంధించారని ఇంటర్నెట్లో చదివిన ఒకతను రైఫిల్‌తో లోపలికి వెళ్లి కాల్పులు జరిపాడు. ఆ హోటల్‌కు అసలు బేస్‌మెంట్ లేదు.

పాజ్డర్ 2004లో చనిపోయారు. ఆ మరుసటి ఏడాది, మెక్‌మార్టిన్ స్కూల్లో ఒకప్పుడు చదివిన ఒకతను ముప్ఫై ఏళ్ల వయసులో పత్రికకు చెప్పుకున్నాడు: తనకేమీ జరగలేదని, వాళ్లకు నచ్చే జవాబు ఏదో కనిపెట్టి అదే చెప్పానని.

డాక్యుమెంటరీలో పాత టేపుల గొంతులు వినిపిస్తాయి, రెండు కుటుంబాల వాళ్లూ మాట్లాడతారు. మిషెల్ మాత్రం ఆ సినిమాలో మాట్లాడటానికి ఒప్పుకోలేదు. ఆమె ఆ గదికి వచ్చింది పోయిన గర్భం గురించి ఏడవడానికి. 600 గంటల్లో ఆ సంగతికి ఎంత చోటు దక్కిందో ఆ టేపులకే తెలియాలి.