శిక్షకూ చికిత్సకూ మధ్య: అమెరికా కోర్టులు ఆదేశించే మత్తు మదింపు ఎలా పుట్టింది, అందులో ఏముంటుంది

అమెరికాలో మద్యం తాగి కారు నడిపి పట్టుబడినవారికి, కొద్దిపాటి మత్తు పదార్థంతో దొరికినవారికి చాలా రాష్ట్రాల్లో కేసు తేలకముందో, శిక్ష ఖరారయ్యేటప్పుడో ఎదురయ్యేది, మత్తు అలవాటు ఎంత ముదిరిందో అంచనా వేసే ఒక మదింపు. న్యాయమూర్తి ఆదేశంపై గాని, తమ న్యాయవాది సలహాపై గాని వారు అనుమతి పొందిన కౌన్సెలర్ దగ్గరకు వెళ్లి, సుమారు గంట నుంచి రెండు గంటలపాటు ప్రశ్నలకు జవాబులు చెప్పి, ప్రశ్నపత్రాలు నింపి, ఒక్కోసారి మూత్ర పరీక్షకూ సిద్ధపడాలి. కొన్ని గంటల తరగతులు సరిపోతాయా, నెలల తరబడి చికిత్స అవసరమా అన్నది ఆ కౌన్సెలర్ రాసే నివేదికపై ఆధారపడి ఉంటుంది. దీన్ని లాంఛనమనుకుని తేలిగ్గా తీసుకునేవారూ, నోరు విప్పితే జైలేనని భయపడి అన్నింటికీ లేదు, కాదు అని చెప్పేవారూ ఇద్దరూ నష్టపోతారు. అక్కడ అడిగే దాదాపు ప్రతి ప్రశ్న వెనకా ఒక తీర్పో, ఒక పరిశోధనో, ఒక చట్టమో ఉంది. ఆ వెనకటి కథ తెలిసినవారికి ఏ జవాబు ఎవరి చేతికి వెళ్తుందో కూడా తెలుస్తుంది.

తెలుగు రాష్ట్రాల నుంచి వెళ్లిన విద్యార్థులకు, ఉద్యోగులకు ఈ పద్ధతి కొత్తగా తోచడం సహజం. హైదరాబాద్‌లో మద్యం తాగి వాహనం నడిపినవారిని గోషామహల్‌లోనో, బేగంపేటలోనో ఉన్న ట్రాఫిక్ శిక్షణ సంస్థకు కుటుంబ సభ్యులతో సహా పిలిచి కౌన్సెలింగ్ ఇచ్చి, ఆ తర్వాత కోర్టులో హాజరుపరుస్తారు. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ కింద 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాల్ ఉంటే నేరం, 2019 సవరణ తర్వాత మొదటిసారికే 10,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. ఆ మనిషికి వ్యసనం ఉందా, ఉంటే ఎంత ముదిరింది అన్న విచారణ అక్కడ మామూలుగా జరగదు. మాదక ద్రవ్యాల విషయంలో మాత్రం 1985 నాటి ఎన్డీపీఎస్ చట్టం 39వ సెక్షన్ కోర్టుకు ఒక దారి చూపింది: స్వల్ప పరిమాణం కేసులో దోషిగా తేలిన వ్యసనపరుణ్ని, అతని సమ్మతితో, జైలుకు బదులు గుర్తింపు పొందిన ఆస్పత్రిలో చికిత్సకు పంపవచ్చు. ఆ ఆలోచన మన చట్టంలో ఒక సెక్షన్‌గానే మిగిలిపోగా, అమెరికాలో అది ఒక వ్యవస్థగా పెరిగింది.

ఆ వ్యవస్థకు బీజం జైలులోనే పడింది. 1935లో కెంటకీ రాష్ట్రంలోని లెక్సింగ్టన్‌లో ఫెడరల్ (కేంద్ర) ప్రభుత్వం ఒక పెద్ద సంస్థను తెరిచింది. అది సగం కారాగారం, సగం ఆస్పత్రి. శిక్ష పడిన ఖైదీలు, తమంతట తామే వచ్చి చేరిన రోగులు ఒకే కప్పు కింద ఉండేవారు. 1938లో టెక్సస్‌లోని ఫోర్ట్‌వర్త్‌లో రెండోది వచ్చింది. అక్కడి నుంచి బయటకు వెళ్లినవారిలో అత్యధికులు మళ్లీ మత్తులో పడ్డారని తర్వాతి అధ్యయనాలు చెప్పాయి. మనిషిని కట్టడి చేసినంత మాత్రాన వ్యసనం పోదన్న పాఠం అలా, ఎంతోమంది జీవితాలు ఖర్చయ్యాక గాని, ప్రభుత్వానికి అర్థం కాలేదు.

అసలు మలుపు 1962లో వచ్చింది. కాలిఫోర్నియాలో అప్పటికి మాదక ద్రవ్యాలకు బానిస కావడమే నేరం. అమ్మనక్కర్లేదు, దగ్గర పెట్టుకోనక్కర్లేదు, ఆ స్థితిలో ఉంటే చాలు, కనీసం 90 రోజుల జైలు. లాస్ ఏంజెలిస్ పోలీసులు చేతుల మీది సూది గుర్తులు చూసి అరెస్టు చేసిన రాబిన్సన్ అనే వ్యక్తి కేసు సుప్రీంకోర్టుకు చేరింది. వ్యసనం ఒక రుగ్మత అని, రుగ్మత ఉన్నందుకు శిక్షించడం రాజ్యాంగం ఎనిమిదో సవరణ నిషేధించిన క్రూరమైన శిక్ష అని కోర్టు తేల్చింది. జలుబు చేసినందుకు ఒక్క రోజు జైలు వేసినా అది క్రూరమే అవుతుందని తీర్పు రాసిన జస్టిస్ పాటర్ స్టీవర్ట్ అన్నారు. తీర్పు వెలువడే నాటికే రాబిన్సన్ మరణించాడు. అయితే అదే తీర్పులో ఇంకో మాట ఉంది, దాన్ని ఎక్కువమంది గుర్తు చేసుకోరు: రాష్ట్రాలు వ్యసనపరులకు నిర్బంధ చికిత్స ఏర్పాటు చేయవచ్చని కోర్టు అంగీకరించింది. నేటి మదింపు ఆ వాక్యం నీడలోనే నిలబడి ఉందని నా అభిప్రాయం. ఆరేళ్ల తర్వాత, 1968లో, టెక్సస్‌కు చెందిన పావెల్ అనే వ్యక్తి తన తాగుడు జబ్బే కాబట్టి బహిరంగంగా తాగి తిరిగినందుకు శిక్షించకూడదని వాదించినప్పుడు, సుప్రీంకోర్టు ఐదుగురు నలుగురుగా చీలి అతని శిక్షను ఖాయం చేసింది. స్థితిని శిక్షించరాదు గాని, ఆ స్థితిలో చేసిన పనిని శిక్షించవచ్చునన్నమాట. ఈ రెండు తీర్పులూ కలిసి న్యాయమూర్తి చేతిలో ఒక చిక్కుప్రశ్న పెట్టాయి. ఎదుట నిలబడ్డ మనిషిలో నేరమెంత, రుగ్మత ఎంత? దానికి జవాబు చెప్పగల మూడో మనిషి కావాల్సి వచ్చింది.

అదే 1968లో అమెరికా రవాణా శాఖ కాంగ్రెస్‌కు ఇచ్చిన నివేదిక, రోడ్డు ప్రమాదాల్లో ఏటా సుమారు 25,000 మరణాలకు మద్యం కారణమవుతోందని, అందులో పెద్ద వాటా సమస్యాత్మకంగా తాగేవారిదని చెప్పింది. దాంతో 1970ల మొదట్లో 35 ప్రాంతాల్లో ఆల్కహాల్ సేఫ్టీ యాక్షన్ ప్రాజెక్టులు మొదలయ్యాయి. పట్టుబడిన ప్రతి డ్రైవరునూ ఒకే గాటన కట్టకుండా, ఎప్పుడో ఒకసారి తాగి దొరికినవాణ్ని, రోజూ తాగేవాణ్ని వేరు చేయడానికి ఒక సాధనం కావాలని అవి కోరాయి. మిషిగన్ విశ్వవిద్యాలయంలో 1971లో తయారైన మార్టిమర్-ఫిల్కిన్స్ పరీక్ష అలా వచ్చింది. కోర్టుల అవసరం కోసమే రూపొందిన ఆ పరీక్షలో ఒక ప్రశ్నపత్రం, ఒక ముఖాముఖి ఉండేవి. ఈ రోజు కౌన్సెలర్ గదిలో జరిగేది కూడా స్థూలంగా అదే. మరోవైపు 1972లో డెలావేర్‌లోని విల్మింగ్టన్‌లో టాస్క్ అనే కార్యక్రమం మొదలై, అరెస్టయినవారిలో మత్తుకు అలవాటు పడినవారిని గుర్తించి, మదింపు చేసి, చికిత్సకు పంపి, వారి తీరును కోర్టుకు తెలియజేసే పద్ధతిని నెలకొల్పింది. మత్తు కేసుల్లో జైలుకు బదులు చికిత్సను పర్యవేక్షించే తొలి డ్రగ్ కోర్టు 1989లో మయామీలో ఏర్పడ్డాక ఈ పద్ధతి దేశమంతా పాకింది. 1980లో మొదలైన, తాగి నడిపేవారికి వ్యతిరేకంగా తల్లులు నడిపిన ఉద్యమం వల్ల శిక్షలూ పెరిగాయి, వాటితోపాటు మదింపులూ పెరిగాయి.

ప్రశ్నలన్నీ ఒకే కాలానివి కావు. 1971లో మెల్విన్ సెల్జర్ తయారుచేసిన మిషిగన్ మద్యపాన పరీక్ష, 1984లో వైద్య పత్రికలో వచ్చిన నాలుగు ప్రశ్నల కేజ్, ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆరు దేశాల్లో పరిశీలించి రూపొందించిన పది ప్రశ్నల ఆడిట్ నేటికీ వాడుకలో ఉన్నాయి. ఆడిట్‌లో ఒక్కో జవాబుకు సున్నా నుంచి నాలుగు మార్కులు, మొత్తం 40. ఎనిమిది లేదా అంతకు మించి వస్తే ప్రమాదకరమైన తాగుడుగా అనుమానిస్తారు. తాగుడు తగ్గించుకోవాలని ఎప్పుడైనా అనిపించిందా, ఎవరైనా విమర్శిస్తే కోపం వచ్చిందా, పొద్దున లేవగానే తాగాలనిపించిందా వంటివి అడుగుతారు. కోర్టు కేసుల కోసం తయారైన కొన్ని ప్రశ్నపత్రాల్లో నిజాయితీని కొలిచే ప్రశ్నలూ కలిసి ఉంటాయి. జీవితంలో ఎన్నడూ అబద్ధం ఆడలేదు, ఎవరి మీదా కోపం రాలేదు అని వరసగా రాసుకుంటూ పోతే, మిగతా జవాబులపైనా నమ్మకం సడలుతుంది.

ఇక్కడ మనవాళ్లు తప్పక తెలుసుకోవాల్సినది కొలత గురించి. అమెరికాలో ఒక డ్రింక్ అంటే 14 గ్రాముల స్వచ్ఛమైన ఆల్కహాల్, అంటే సుమారు 355 మిల్లీలీటర్ల మామూలు బీరు లేదా 44 మిల్లీలీటర్ల విస్కీ. మన లెక్కలో 60 మిల్లీలీటర్ల పెద్ద పెగ్గు దాదాపు ఒకటిన్నర డ్రింక్ అవుతుంది. క్వార్టర్ సీసా నాలుగు దాటుతుంది. 650 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ బీరు రెండున్నర నుంచి మూడు. రెండు పెగ్గులే అన్న మనిషి రక్తంలో అంత ఆల్కహాల్ ఎలా వచ్చిందని కౌన్సెలర్ సందేహిస్తే, అది అబద్ధం వల్ల కాకుండా కొలత తేడా వల్ల కావచ్చు. తాగింది మిల్లీలీటర్లలో చెప్పడం మేలు.

ముఖాముఖిలో కుటుంబంలో ఎవరికైనా తాగుడు ఉందా, నిద్ర, దిగులు, ఉద్యోగం, చదువు, గతంలోని అరెస్టులు, వాడుతున్న మందులు ఇవన్నీ వస్తాయి. అమెరికా వ్యసన వైద్యుల సంఘం 1991లో ప్రచురించిన ప్రమాణాలు మనిషిని ఆరు కోణాల నుంచి చూసి చికిత్స స్థాయిని నిర్ణయించమన్నాయి, ప్రశ్నలు తాగుడు దాటి ఇంటి దాకా వెళ్లడానికి కారణం అదే. కోర్టు ఉత్తర్వు, పోలీసు నివేదిక, శ్వాస పరీక్ష ఫలితం, డ్రైవింగ్ రికార్డు, మందుల జాబితా వెంట తీసుకెళ్లాలి. రుసుము చాలాచోట్ల సొంతంగానే చెల్లించాలి. మదింపుకు వచ్చిన మనిషి అనుమతి తీసుకుని కౌన్సెలర్ అతని భార్యతోనో, గదిలో కలిసి ఉండే స్నేహితునితోనో మాట్లాడవచ్చు. మూత్రంలో ఈటీజీ అనే పరీక్ష చేస్తే తాగిన మూడు రోజుల తర్వాత కూడా ఆనవాలు దొరకవచ్చు కాబట్టి, నిన్న మానేశానన్న మాట చెల్లదు.

ఫలితం ఎలా తేలుతుందో చెప్పడానికి ఇలినాయ్ రాష్ట్రం స్పష్టమైన ఉదాహరణ. అక్కడ మదింపు మనిషిని నాలుగు తరగతుల్లో ఒకదాంట్లో పెడుతుంది. మొదటిసారి పట్టుబడి, రక్తంలో ఆల్కహాల్ స్థాయి 0.15 శాతం కంటే తక్కువ ఉండి, ఇతర లక్షణాలు లేకపోతే కనిష్ఠ ముప్పు, 10 గంటల తరగతులు చాలు. 0.15 నుంచి 0.19 దాకా ఉంటే, లేదా పరీక్షకు నిరాకరించి ఉంటే మధ్యస్థం, మరో 12 గంటలు కలుస్తాయి. ఆపై తరగతికి 10 గంటల తరగతులతోపాటు కనీసం 20 గంటల చికిత్స. వ్యసన లక్షణాలున్నా, పదేళ్లలో రెండుసార్లు అంతకుముందే దొరికి ఉన్నా అధిక ముప్పు, కనీసం 75 గంటల చికిత్స. జార్జియాలో 20 గంటల కోర్సు ఉంది, దానికి ముందు 130 ప్రశ్నల పత్రం నింపాలి. మిగతా రాష్ట్రాల లెక్కలు వేరు.

వ్యసనం ఉందా లేదా అన్న నిర్ధారణకు కౌన్సెలర్లు వాడే మానసిక వైద్య ప్రమాణం 2013లో మారింది. అంతకుముందు చట్టంతో పదేపదే చిక్కుల్లో పడటం కూడా ఒక లక్షణంగా లెక్కకు వచ్చేది. కొత్త ప్రమాణంలో దాన్ని తీసేసి, మత్తు కావాలనే బలమైన తపనను చేర్చారు. ఇప్పుడు 11 లక్షణాల్లో రెండు మూడుంటే స్వల్పం, నాలుగైదుంటే మధ్యస్థం, ఆరు లేదా అంతకు మించి ఉంటే తీవ్రం. అంటే అరెస్టయినంత మాత్రాన వ్యసనపరుడని రాయడానికి ఆధారం లేదు. నివేదికలో అలా కనిపిస్తే న్యాయవాది ద్వారా ప్రశ్నించవచ్చు, రెండో మదింపు కోరవచ్చు. ఈ మార్పు చిన్నదిగా కనిపించినా, ఒక యువకుడి ముందరి జీవితం మీద దాని ప్రభావం పెద్దది.

గోప్యత సంగతి అంత సూటిగా ఉండదు. చికిత్సకు వచ్చినవారు పోలీసుల భయంతో ఆగిపోకూడదని 1970, 1972 చట్టాలు, వాటి కింద 1975లో వచ్చిన నిబంధనలు ఫెడరల్ సాయం పొందే కేంద్రాల రికార్డులకు గట్టి రక్షణ ఇచ్చాయి. అయితే కోర్టు పంపిన మనిషి మొదటి రోజే ఒక సమ్మతి పత్రంపై సంతకం చేస్తాడు. దాంతో నివేదిక న్యాయమూర్తికి, జైలు బయట ఉన్నవారి తీరును కోర్టు తరఫున పర్యవేక్షించే ప్రొబేషన్ అధికారికి చేరుతుంది. ఆ సమ్మతిని కేసు ముగిసేదాకా వెనక్కి తీసుకోలేని విధంగా రాసి ఉండవచ్చు. ఎవరికి, ఏ సమాచారం, ఎంతకాలం అన్నది చదివాకే సంతకం పెట్టాలి. కేసు ఇంకా తేలకపోతే, ఆ రాత్రి జరిగిన ఘటన వివరాలు ఎంతవరకు చెప్పాలో ముందే న్యాయవాదిని అడగాలి.

సిఫారసుల్లో ఆల్కహాలిక్స్ అనానిమస్ అనే, తాగుడు మానాలనుకునేవారి బృందం నడిపే పన్నెండు మెట్ల సమావేశాలు తరచూ ఉంటాయి. 1935లో ఒహాయోలో పుట్టిన ఆ పద్ధతి ఎంతోమందిని నిలబెట్టింది, కానీ దానిలో దైవ ప్రస్తావన ఉంది. మతపరమైన కార్యక్రమానికి మాత్రమే వెళ్లాలని ప్రభుత్వం బలవంతపెట్టడం రాజ్యాంగ విరుద్ధమని 1996 నుంచి పలు ఫెడరల్ అప్పీలు కోర్టులు చెప్పాయి. 2007లో హవాయికి చెందిన ఒక బౌద్ధుని కేసులోనూ అదే తేలింది. మతంతో పని లేని ప్రత్యామ్నాయం అడగడం ధిక్కారం కాదు.

పౌరసత్వం లేనివారికి వీటన్నింటికంటే బరువైనది వలస చట్టం. 1996లో కాంగ్రెస్ నేర నిర్ధారణ అన్న మాట పరిధిని విస్తరించింది. నేరం ఒప్పుకుని, చికిత్సో ప్రొబేషనో పూర్తి చేశాక రాష్ట్ర కోర్టు కేసు కొట్టేసినా, వలస చట్టం దృష్టిలో అది దోష నిర్ధారణగానే మిగలవచ్చు. నేరం ఒప్పుకుంటే దేశం నుంచి పంపేసే ప్రమాదం ఉందేమో చెప్పడం న్యాయవాది బాధ్యతేనని 2010లో పడిల్యా కేసులో సుప్రీంకోర్టు అంది. గంజాయి ఆ రాష్ట్రంలో చట్టబద్ధమే కదా అని మదింపులో వాడకం చెప్పుకున్నా, ఫెడరల్ చట్టం కింద అది నేరమే కాబట్టి ఆ ఒప్పుకోలు తర్వాత అడ్డు రావచ్చు. ఇది దాచమని చెప్పడం కాదు, వలస న్యాయవాదిని కలవకుండా ఆ గదిలో అడుగు పెట్టవద్దని చెప్పడం.

2015 నవంబరు నుంచి మరో నియమం వచ్చింది. గత ఐదేళ్లలో తాగి నడిపిన కేసులో అరెస్టయితే, దోషిగా తేలకపోయినా, వీసాను ముందుజాగ్రత్తగా రద్దు చేయాలని విదేశాంగ శాఖ కాన్సులేట్లకు సూచించింది. 2025కు ముందు, అమెరికాలో ఉన్నంతవరకు చదువుకో ఉద్యోగానికో దానివల్ల మాత్రమే సాధారణంగా ఇబ్బంది వచ్చేది కాదు, ఇప్పుడు ఆ భరోసా లేదు. అక్క పెళ్లికి ఇంటికి వచ్చి హైదరాబాద్‌లో కొత్త వీసాకు దరఖాస్తు చేసుకున్నప్పుడైతే కాన్సులేట్ నిర్ణయించిన వైద్యుని దగ్గరకు వెళ్లక తప్పదు. ఆయన చూసేది, మద్యం వాడకపు రుగ్మత, దానితో ముడిపడ్డ హానికర ప్రవర్తన ఇప్పటికీ ఉన్నాయా అని. అక్కడ ఏళ్ల కిందటి మదింపు నివేదిక, చికిత్స పూర్తయినట్టు ఇచ్చిన ధ్రువపత్రం, కేసు ముగింపు ఉత్తర్వు సాక్ష్యాలుగా పనికొస్తాయి. కేంద్రాలు మూతపడతాయి, పాత ఫైళ్లు దొరకవు. అందుకే వీటి ప్రతులు చేతికి అందిన రోజునే తీసి, ఒకటి దగ్గర, ఒకటి ఇంట్లో పెద్దవారి దగ్గర ఉంచుకోవాలి.