ఇంజన్‌ను అడ్డంగా తిప్పితే

1956లో సూయజ్ కాలువ మూతపడింది. బ్రిటన్‌లో పెట్రోలుకు రేషన్ వచ్చింది. మరుసటి ఏడాది బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ అధిపతి లెనార్డ్ లార్డ్, ఇంజనీరు అలెక్ ఇస్సిగోనిస్‌కు చిన్న కారు పని అప్పగించాడు. ఒక షరతు: సంస్థ దగ్గర అప్పటికే ఉన్న ఇంజన్‌నే వాడాలి. 1959 ఆగస్టులో ‘మినీ’ వచ్చింది. పొడవు మూడు మీటర్ల పైచిలుకే. అయినా నలుగురు పెద్దవాళ్లు పట్టేవారు.

ఆ చోటంతా ఎలా దొరికింది? అప్పట్లో చాలా కార్లలో ఇంజన్‌ను కారు పొడవునా పెట్టి, షాఫ్టుతో, అంటే తిరిగే కడ్డీతో, వెనక చక్రాలను తిప్పేవారు. ఇస్సిగోనిస్ ఇంజన్‌ను అడ్డంగా పెట్టి ముందు చక్రాలను తిప్పించాడు. ఇందులో చోటుకు మించిన లాభం ఉంది. పొడవునా పెట్టిన ఇంజన్ భ్రమణాన్ని 90 డిగ్రీలు మళ్లిస్తేనే చక్రాలకు అందుతుంది. ఆ మలుపు దగ్గర రాపిడికి కొంత శక్తి పోతుంది. అడ్డంగా పెడితే ఇంజన్ షాఫ్టు, చక్రాల ఇరుసు సమాంతరమవుతాయి. మలుపే అక్కర్లేదు.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. జర్మనీలో 1931లోనే డీకేడబ్ల్యూ అనే కార్ల సంస్థ రెండు సిలిండర్ల ఇంజన్‌ను ఇలా అమర్చింది. నాలుగు సిలిండర్లయితే ఇంజన్ పొడవే ఎక్కువ. దాని పక్కన గేర్‌బాక్సు కూడా పెడితే చిన్న కారు వెడల్పు చాలదు. అందుకే ఇస్సిగోనిస్ గేర్‌బాక్సును ఇంజన్ కిందికి చేర్చాడు. చూడముచ్చటైన ఉపాయమే. కానీ రెండింటికీ ఒకటే ఆయిల్. గేర్ల పళ్ల మధ్య నలిగి అది త్వరగా పలచబడుతుంది.

ముందు చక్రాలకు మరో చిక్కుంది. అవి తిరుగుతూనే పక్కలకు మళ్లాలి. అందుకే వాటిని తిప్పే షాఫ్టుకు వంగే కీలు కావాలి. మామూలు కీలు వంగినప్పుడు అవతలి షాఫ్టు వేగం ప్రతి చుట్టులోనూ రెండుసార్లు హెచ్చుతగ్గులకు లోనవుతుంది, స్టీరింగ్ అదురుతుంది. మినీలో ఉక్కు గుండ్లున్న కీలు వాడారు. రెండు షాఫ్టుల మధ్య కోణాన్ని సరిగ్గా సగం చేసే తలంలో ఆ గుండ్లు నిలుస్తాయి కాబట్టి రెండు వైపులా వేగం ఒక్కటే.

పేరు మినీకి వచ్చింది. 2000 దాకా 53 లక్షలకు పైగా తయారయ్యాయి. ప్రపంచం అనుసరించింది మాత్రం ఇటలీ పరిష్కారాన్ని. ఫియట్ ఇంజనీరు డాంటే జాకోజా గేర్‌బాక్సును కుదించి ఇంజన్ చివరనే బిగించాడు, దాని ఆయిల్ దానిదే. అందువల్ల ఒక చక్రానికి పొట్టి షాఫ్టు, రెండోదానికి పొడుగు షాఫ్టు వచ్చాయి. ఆ అసమానతకు ఆయన వెనకాడలేదు. అసలైన ధైర్యం అదేనని నా అభిప్రాయం. 1964లో ఫియట్ దీన్ని ముందుగా ఆటోబియాంకి అనే మరో బ్రాండు పేరుతో, ‘ప్రిములా’ కారులో పరీక్షించింది. 1969లో ఫియట్ 128 వచ్చింది. దాని ఆధారంగా యుగోస్లావియాలో జస్తావా 101 తయారైంది. 1974లో ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ కూడా ఇదే అమరికతో వచ్చింది. ఇప్పుడు పెట్రోలు, డీజిల్ చిన్న కార్లలో చాలావాటి బానెట్ కింద ఉన్నది జాకోజా అమరికే.