గొలుసు వేసిన మొసలి

బొమ్మా బొరుసా వేసేటప్పుడు రోమన్ పిల్లలు "తలా? ఓడా?" అని అరిచేవారు. వాళ్ళ పాత కంచు నాణేల మీద ఒక వైపు జానస్ దేవుడి తల, రెండో వైపు ఓడ ముందుభాగం ఉండేవి మరి. అయితే దక్షిణ ఫ్రాన్స్‌లోని నీమ్ పట్టణంలో, అప్పటి పేరు నెమౌసస్, రోమన్ చక్రవర్తి అగస్టస్ కాలంలో కొట్టిన కంచు నాణేనికి ఒకే వైపు రెండు తలలు!

ఎడమవైపు అగస్టస్ సేనాని అగ్రిప్పా, కుడివైపు అగస్టస్. ఒకరికొకరు వీపు పెట్టి అటొకరు ఇటొకరు చూస్తుంటారు. అలిగి కాదు, ప్రాణస్నేహితులే. పైగా అగస్టస్ మామ, అగ్రిప్పా అల్లుడు. ఇద్దరిదీ ఇంచుమించు ఒకే వయసు కావడం వేరే సంగతి. అగ్రిప్పా కిరీటాన్ని భూతద్దంతో చూస్తే నుదుటి పైన ఓడ ముక్కు పొడుచుకొచ్చి కనిపిస్తుంది. శత్రువుల పడవలను గుద్ది చీల్చే ముక్కు అది. సముద్రం మీద గెలిచిన సేనానికి ఇచ్చే అరుదైన గౌరవం ఆ కిరీటం.

బొరుసు వైపు అసలు తమాషా. నోరు తెరిచిన మొసలి, దాన్ని గొలుసుతో ఖర్జూరపు చెట్టుకు కట్టేశారు. నైలు మొసలి అంటే ఈజిప్టు అని ఎవరికైనా తెలుస్తుంది. క్రీ.పూ. 31లో గ్రీస్ తీరంలోని ఆక్టియం దగ్గర అగ్రిప్పా నడిపిన నౌకాదళం అగస్టస్ ప్రత్యర్థి ఆంటోనీని, ఈజిప్టు రాణి క్లియోపాత్రాను ఓడించింది. మరుసటి ఏడు ఈజిప్టు రోమ్ చేతికొచ్చింది. చదువు రానివాడికి కూడా ఈ వార్త కూరగాయల బజార్లోనే అందేది.

క్రీ.పూ. 12లో అగ్రిప్పా చనిపోయాడు. అయినా నాణెం మీంచి ఆయన మొహం తీసెయ్యలేదు. క్రీ.పూ. 2లో అగస్టస్‌కు 'దేశపిత' బిరుదు వచ్చాక కొట్టిన వాటిలో ఆ బిరుదు పొడి అక్షరాలు 'పి పి' చేరాయి. పక్కన అగ్రిప్పా అలాగే ఉన్నాడు.

నాకు బాగా నచ్చేవి మాత్రం సగం నాణేలు. చిల్లర దొరక్క జనం వీటిని ఉలితో రెండుగా నరికేవారు. తలల మధ్య నుంచి నరికితే ఒక ముక్కలో మామ, ఒక ముక్కలో అల్లుడు! సగం నాణేనికి సగం విలువ. రైన్ నది ఒడ్డున రోమన్ సైనికులున్న చోట్ల ఇలాంటి ముక్కలు తవ్వకాల్లో బయటపడ్డాయి. చక్రవర్తి మొహాన్ని నరకడం తప్పని చిల్లర కోసం తడుముకునేవాడికి తోచదు.

ఇప్పుడు దొరికేవాటికి ఆకుపచ్చ చిలుము పట్టి ఉంటుంది. కంచులోని రాగి గాలితో, మట్టిలోని తడితో కలిసి ఏర్పడిన పొర అది. ఇత్తడి బిందె తోమినట్టు చింతపండు పెట్టి తోమారో, పులుపుకి ఆ పొర కరిగిపోతుంది. మొసలి పొలుసుల్లాంటి సన్నని గీతలు చాలాసార్లు ఆ పొరలోనే మిగిలి ఉంటాయి. నాణెం తళతళలాడుతుంది, మొసలి మాత్రం నున్నగా తయారవుతుంది.

1535లో ఫ్రాన్స్ రాజు మొదటి ఫ్రాన్సిస్ ఈ బొమ్మనే నీమ్ నగర చిహ్నంగా ఇచ్చాడు. ఈజిప్టును గెలిచిన గొప్ప చెప్పుకోవడానికి వేసిన మొసలి అలా ఊరి సొంతమైంది. ఇవాళ నీమ్ వీధుల్లో నడుస్తుంటే రాళ్ళ మధ్య బిగించిన లోహపు బిళ్ళల మీద అదే మొసలి, అదే చెట్టు కాళ్ళ కింద తగులుతాయి.