పాటల ఫోల్డరు సర్దుకుంటున్న పిల్లలకు

చిరంజీవులకు ఆశీస్సులు.

కంప్యూటర్లో పాటలన్నీ కలగాపులగంగా ఉన్నాయనీ, ఘంటసాల అని వెతికితే సగం పాటలే వస్తున్నాయనీ రాశారు. మిగతా సగం ఎక్కడికీ పోలేదు, వాటి మీద పేరే ఇంకోలా రాసుంది. ఆ పేర్లు సరిచేసే పద్ధతి చెబుతాను.

ఫైలు పేరు వేరు, ట్యాగు వేరు. ఫైలు పేరు ఫోల్డరు తెరిస్తే కనబడేది. ట్యాగు ఆ ఎంపీ3 ఫైలు లోపలే ఉంటుంది: పాట పేరు, పాడినవాళ్ళు, ఆల్బమ్, సంవత్సరం, ట్రాక్ నంబరు, అట్ట బొమ్మ అన్నీ అందులోనే. ప్లేయర్లు ఎక్కువగా చూసేది ట్యాగునే. అందుకే ఫైలు పేరు మీరు ఎంత ముచ్చటగా మార్చినా ఫోన్లో మాత్రం 'అన్‌నోన్ ఆర్టిస్ట్' అనే వస్తుంది.

పని మొదలుపెట్టకముందే పాటల ఫోల్డరు మొత్తాన్ని ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కులోకి కాపీ చేసి, ఆ డిస్కు వైరు పీకి పక్కన పెట్టండి. ట్యాగు ఎడిటర్లో, అంటే ట్యాగులు మార్చే ప్రోగ్రాంలో, ఒక్క నొక్కుతో వెయ్యి పాటల పేర్లు మారిపోతాయి, తప్పుగా నొక్కినా అంతే.

విండోస్‌కి ఎంపీ3ట్యాగ్ ఉచితంగా దొరుకుతుంది, లినక్స్ అయితే కిడ్3 వాడండి. మ్యూజిక్‌బ్రెయిన్జ్ పికార్డ్ అని ఇంకొకటుంది. పాట ధ్వనిని బట్టే అది ఏ పాటో పోల్చుకుని, డేటాబేసు నుంచి ట్యాగులు తెచ్చి పెడుతుంది. ఇంగ్లీషు ఆల్బమ్‌లకు చక్కగా పనికొస్తుంది. మన పాత పాటలతోనే పేచీ. ఒకే రికార్డింగు పది 'హిట్స్' సంకలనాల్లో ఉంటుంది కాబట్టి, సినిమా పేరుకు బదులు వాటిలో ఏదో ఒకదాని పేరు అంటించి ఊరుకుంటుంది. అది చెప్పిందల్లా చూడకుండా సేవ్ కొట్టకండి.

ఇక అసలు చిక్కు. ఈ ట్యాగుల గడులు ఒక గాయకుడు, అతని ఆల్బమ్ అనే లెక్కతో తయారయ్యాయి. మన సినిమా పాటల్లో పాటపాటకీ గొంతు మారుతుంది. మాయాబజార్ (1957) తీసుకోండి. ఘంటసాల, లీల, సుశీల, మాధవపెద్ది సత్యం, ఇలా ఎందరో. ఆర్టిస్ట్ గడి ఒక్కటే నింపి వదిలేస్తే చాలా ప్లేయర్లు ఆ ఒక్క సినిమానీ నాలుగైదు ఆల్బమ్‌లుగా చీల్చి చూపిస్తాయి. దీనికి మందు 'ఆల్బమ్ ఆర్టిస్ట్' అనే గడి. సినిమాలోని పాటలన్నిటికీ అందులో ఒకే పేరు ఉండాలి. చాలామంది 'వేరియస్ ఆర్టిస్ట్స్' అని రాస్తారు. నా మటుకు సంగీత దర్శకుడి పేరే సబబు. 'వేరియస్' కింద మూడొందల సినిమాలు పోగుపడితే వెతుక్కోవడానికి అది ఎందుకూ పనికిరాదు.

అంటే ఆల్బమ్ గడిలో సినిమా పేరు, ఆల్బమ్ ఆర్టిస్ట్‌లో సంగీత దర్శకుడు, ఆర్టిస్ట్‌లో పాడినవాళ్ళు, కంపోజర్‌లో ఆ పాటకు బాణీ కట్టినవారు, లిరిసిస్ట్‌లో రాసినవారు. కంపోజర్, ఆల్బమ్ ఆర్టిస్ట్ ఒకరే కదా, రెండుసార్లు ఎందుకని అడుగుతారేమో. మాయాబజార్‌కి సంగీతం ఘంటసాలదే గానీ 'లాహిరి లాహిరి లాహిరిలో' బాణీ సాలూరి రాజేశ్వరరావుది. ఆల్బమ్ ఆర్టిస్ట్ సినిమాకి, కంపోజర్ పాటకి.

సినిమా పేరు పక్కన సంవత్సరం తప్పకుండా వెయ్యండి. దేవదాసు అనే పేరుతో 1953లో, 1974లో, 2006లో సినిమాలు వచ్చాయి. సంవత్సరం లేకపోతే కొన్ని ప్లేయర్లలో 1953 నాటి సుబ్బరామన్ పాటలూ 2006 నాటి చక్రి పాటలూ ఒకే ఆల్బమ్‌లో కలిసిపోతాయి. వెయ్యాల్సింది సినిమా విడుదలైన ఏడాది, సీడీ వచ్చిన ఏడాది కాదు.

ఇప్పుడు చేతిపని. ఎంపీ3ట్యాగ్‌లో ఒక సినిమా ఫోల్డరు తెరిచి, కంట్రోల్, ఏ నొక్కి పాటలన్నీ ఎంచుకోండి. ఎడమపక్క గడులు కనబడతాయి. పాటపాటకీ వేరుగా ఉన్న గడిలో 'కీప్' అని ఉంటుంది. దాన్ని ముట్టుకోకండి. ఆల్బమ్, ఆల్బమ్ ఆర్టిస్ట్, సంవత్సరం, ఈ మూడే నింపి కంట్రోల్, ఎస్ కొట్టండి. తర్వాత ఒక్కో పాట మీద నొక్కి గాయకులు, రచయిత, బాణీ నింపాలి. లిరిసిస్ట్ గడి మామూలుగా ఎడమపక్క కనబడదు. ఆల్ట్, టీ నొక్కితే వచ్చే కిటికీలో కలుపుకోవాలి. తొందరపడి రచయిత పేరు కూడా అందరికీ కలిపి వేసేస్తే ఏమవుతుందో శంకరాభరణం చెబుతుంది. అందులో వేటూరి పాటల పక్కనే మైసూరు వాసుదేవాచార్యుల 'బ్రోచేవారెవరురా', రామదాసు 'ఏ తీరుగ నను' ఉన్నాయి. అన్నీ ఒకేసారి ఎంచుకుంటే వాసుదేవాచార్యుల కీర్తనకి కూడా వేటూరి పేరు పడిపోతుంది.

గాయకుల పేర్లకి ఒక కాయితం పెట్టుకోండి. ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం, ఎస్పీ బాలు, ఎస్పీబీ, చుక్కల తర్వాత ఖాళీతో ఒకటి, ఖాళీ లేకుండా ఒకటి: కంప్యూటరుకి వీళ్ళంతా వేర్వేరు మనుషులే. ఒక్క రూపం ఖాయం చేసి కాయితం మీద రాసుకుని, ప్రతిసారీ అదే టైపు చెయ్యండి. ఇద్దరు పాడితే మధ్యలో సెమీకోలన్. కంటికి ఒకేలా ఉన్నా ప్లేయర్లో రెండుసార్లు కనబడుతుంటే పేరు చివర కనబడని ఖాళీ ఉందేమో చూడండి. తొంభై పాళ్ళు అదే అయ్యుంటుంది.

తెలుగులో రాసిన పేర్లు ప్రశ్నార్థకాలుగా మారాయంటే కారణం పాత ట్యాగు. ఎంపీ3 ట్యాగులు రాసే పద్ధతిని ఐడీ3 అంటారు. దాని మొదటి వెర్షన్ ఫైలు చివర 128 బైట్ల ముక్క, పాట పేరుకు 30 బైట్లే, తెలుగు అక్షరాలు దానికి పట్టవు. ఎంపీ3ట్యాగ్ ఆప్షన్స్‌లో ఎంపెగ్ అనే చోట ఐడీ3 వెర్షన్ 2.3, తెలుగు అక్షరాలు పట్టే యూటీఎఫ్-16 ఎంచుకుని, మొదటి వెర్షన్ రాయడం ఆపేయండి. ట్యాగు మార్చినా పాత పేరే మొండిగా కనబడుతోందా? ఏపీఈ అనే ఇంకో ట్యాగు లోపల దాక్కుని ఉంటుంది. అక్కడే దాన్ని తీసేసే ఆప్షన్ కూడా ఉంది.

ఇక కారు. కొన్ని స్టీరియోల్లో తెలుగు ఫాంటు ఉండదు, పేర్ల చోట డబ్బాలు కనబడతాయి. అన్నీ మార్చేశాక తెలిస్తే ఏడుపే. ముందే ఒక్క పాటకి తెలుగు ట్యాగు వేసి, ఎఫ్‌ఏటీ32గా ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవులో పెట్టి చూడండి. డబ్బాలొస్తే ట్యాగులు ఇంగ్లీషు అక్షరాల్లోనే పెట్టుకోవడం మేలు. ట్రాక్ నంబర్లు 01, 02 అని రెండంకెల్లో ఉండాలి, లేకపోతే కొన్ని ప్లేయర్లు 1 తర్వాత 10 పాడతాయి.

ట్యాగు సరయ్యాక ఫైలు పేరు దానంతటదే మార్చుకోవచ్చు. ఆల్ట్, 1 నొక్కి ట్రాక్ నంబరు, గీత, పాట పేరు అని నమూనా ఇస్తే చాలు. ప్రశ్నార్థకం, కోలన్ లాంటివి ఫైలు పేర్లలో విండోస్ ఒప్పుకోదు, ట్యాగులో మాత్రం ఉండొచ్చు. అట్ట బొమ్మ 600 పిక్సెళ్ళ జేపెగ్ చాలు. అది ప్రతి పాటలోనూ విడిగా చేరుతుంది, పెద్ద బొమ్మ పెడితే అనవసరంగా బరువు.

శాస్త్రీయ సంగీతానికి కంపోజర్ గడిలో వాగ్గేయకారుడు, ఆర్టిస్ట్‌లో విద్వాంసుడు. రాగం, తాళం పాట పేరు చివరే రాయండి. వాటికి వేరే గడి చేసుకోవచ్చు గానీ ఫోన్లో అది కనబడదు.

ఒకే పాట రెండుసార్లు ఉంటే బిట్‌రేటు (సెకను పాటకి వాడిన డేటా) ఎక్కువున్నదే మంచిదని గుడ్డిగా నమ్మకండి. 128 కేబీపీఎస్‌తో ఉన్నదాన్ని ఎవరో 320గా మార్చి ఉండొచ్చు. నిమిషానికి సుమారు 1 ఎంబీ ఉన్నది 2.4 ఎంబీ అవుతుంది, పోయిన ధ్వని మాత్రం తిరిగి రాదు. స్పెక్ అనే చిన్న ప్రోగ్రాంలో తెరవండి, పాటలో ఏ స్థాయి దాకా ధ్వని ఉందో బొమ్మ గీసి చూపిస్తుంది. 320 అని చెప్పుకునే ఫైల్లో 16 కిలోహెర్ట్జ్ దగ్గర గీత గీసినట్టు ఆగిపోయి, పైనంతా నల్లగా ఉంటే అనుమానించాల్సిందే. అయితే పాత రికార్డుల్లో అసలుకే పై స్థాయి ధ్వని ఉండదు, వాటి దగ్గర చెవినే నమ్మండి.

ప్లేలిస్టులు ఇవన్నీ అయ్యాకే చేసుకోండి. అవి ఫైలు ఉన్న చోటుని గుర్తుపెట్టుకుంటాయి, తర్వాత పేరు మార్చినా ఫోల్డరు జరిపినా పాట దొరకదంటాయి. అంతా కుదిరాక ఇంకోసారి హార్డ్ డిస్కులోకి కాపీ తీయండి. మొదటి కాపీని మాత్రం ఒకటి రెండు నెలలు చెరపకండి, తప్పులు బయటపడేది వింటున్నప్పుడే.

మీ తాతయ్య