ఏడాది పద్దులో పాలపిట్ట

పక్షులు చూసేవాళ్లు జనవరి 1న కొత్త పద్దు తెరుస్తారు. డిసెంబరు 31 దాకా ఎన్నిసార్లు కనబడినా ఒక్కో జాతి పేరు అందులో ఒక్కసారే ఎక్కుతుంది. మొదటి పొద్దుకే కాకి, గోరువంక, పావురం, రామచిలుక చేరిపోతాయి. ఆ తర్వాత కొత్త పేరు కావాలంటే చెరువులూ గుట్టలూ తిరగాలి. హైదరాబాద్ వాళ్లకు అమీన్‌పూర్ చెరువు ఉంది. 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా గుర్తింపు పొందిన ఆ నీటికి చలికాలంలో వలస పక్షులు వస్తాయి. 1980లో బర్డ్‌వాచర్స్ సొసైటీ ఆఫ్ ఆంధ్రప్రదేశ్‌గా పుట్టి, ఇప్పుడు డెక్కన్ బర్డర్స్‌గా నడుస్తున్న సంఘం ఇలాంటి చోట్లకు సభ్యుల్ని తీసుకెళుతుంటుంది.

కొత్త పేరు రాసుకున్నప్పటి సంతోషం నాకూ తెలుసు. కానీ శాస్త్రానికి ఎక్కువ పనికొచ్చేది ఏ పూటకాపూట రాసిన జాబితా. పాలపిట్ట జనవరిలో ఒకసారి పద్దులో ఎక్కిందంటే, మిగతా పదకొండు నెలలూ అది కనబడిందో లేదో ఆ పద్దు చెప్పలేదు.

పూట జాబితా వేరు. ఎక్కడ, ఎన్ని గంటలకు మొదలుపెట్టాం, ఎంతసేపు, ఎంత దూరం నడిచాం, గుర్తుపట్టిన ప్రతి పక్షీ ఎన్నెన్ని అన్నవి రాసి పక్షుల నమోదుకు ఉన్న ఈబర్డ్ అనే వెబ్‌సైటులో చేరుస్తారు. మామూలు పక్షే కదా అని కాకిని కూడా వదలకూడదు. అన్నీ రాశామని చెప్పినప్పుడే, రాయని పేరుకు కూడా అర్థం వస్తుంది: వెతికారు, కానీ అది కనబడలేదు, వినబడలేదు. అలాంటివి వేలల్లో పోగైతే, నూరు జాబితాల్లో ఎన్నింట పాలపిట్ట ఉందో లెక్క తీయొచ్చు. చూసేవాళ్లు ఏటేటా పెరుగుతున్నా, ఎంతసేపు చూశారన్నది కూడా కలిపి లెక్కిస్తే పక్షి పెరుగుతోందా తరుగుతోందా తేలుతుంది.

మన దేశంలో ఆ పని జరిగింది. సుమారు 30,000 మంది నమోదు చేసిన 3 కోట్ల వివరాలతో, 942 జాతుల పరిస్థితిపై 2023లో స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్ నివేదిక వచ్చింది. బాగా తగ్గిపోతున్నందున ప్రపంచ ముప్పు జాబితాలో స్థానాన్ని మళ్లీ పరిశీలించాలని అది సిఫార్సు చేసిన 14 జాతుల్లో పాలపిట్ట ఒకటి. తెలంగాణ రాష్ట్ర పక్షి! ఎక్కడపడితే అక్కడ ఉంటుందనుకున్న పక్షి తరుగుదల విడివిడిగా చూసే కళ్లకు అందదు. పాలపిట్ట కరెంటు తీగ మీద కూర్చుని నేలమీది మిడతల్నీ పురుగుల్నీ పట్టి తింటుంది, చెట్టు తొర్రలో గుడ్లు పెడుతుంది. బీళ్లూ, పొలం గట్లమీది ముసలి చెట్లూ రెండూ ఉంటేనే దానికి బతుకు.

దసరానాడు ఊళ్లకు ఊళ్లే పాలపిట్ట కోసం పొలిమేరల్లో వెతుకుతాయి. అదే రోజు పావుగంట నిలబడి చుట్టూ ఉన్న పక్షులన్నీ రాయండి. డబ్బులు తీసుకుని పంజరంలో చూపించే పిట్టను లెక్కలో వేయొద్దు. దాన్ని పట్టడమే చట్టరీత్యా నేరం. పాలపిట్ట కనబడకపోయినా సరే, మిగతా పేర్లతో ఆ జాబితా పంపించండి.